పిడికెడు బియ్యం లెక్క

"మీ చర్చికి ఎంతమంది వస్తారు?"

చర్ల, దుమ్ముగూడెం, పినపాక, గుండాల వైపు నుంచి చదువుకోసం ఖమ్మమో హైదరాబాదో వచ్చిన క్రైస్తవ కుటుంబాల పిల్లలకి హాస్టల్లో ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్న ఎదురవుతుంది. అడిగేవాళ్ల చర్చిలో పెద్ద పెద్ద తెరలుంటాయి, ఆదివారానికి మూడు నాలుగు ఆరాధనలుంటాయి, యూట్యూబ్ లైవ్‌కి వేలల్లో వ్యూస్ ఉంటాయి. మనవాళ్లు కాస్త తడబడతారు. మామూలు రోజుల్లో ఇరవై మంది. మిర్చి ఏరే రోజులైతే పన్నెండు. వానపడి వాగు పొంగితే పాస్టర్ గారు, ఆయన ఇంటివాళ్లు, పక్కింటి అవ్వ. ఆ లెక్క చెప్పడానికి మొహమాటపడి, "మాది చిన్న చర్చిలే" అనేసి మాట మార్చేస్తారు.

ఈ వారం ఆ చిన్న చర్చి గురించే మాట్లాడుకుందాం. రేకుల కప్పు, సున్నం వేసిన గోడ, ఒక కంజీర, కరెంటు ఉన్నప్పుడు మాత్రమే పలికే ఒక మైకు. అక్కడ నేర్చుకునే కృతజ్ఞత ఏమిటి? ఏళ్ల తరబడి ఆ విశ్వాసాన్ని పడిపోకుండా నిలబెట్టేది ఏమిటి? మీరు క్రైస్తవులు కాకపోయినా చదవండి. ఇది ఈ అడవి అంచు కథ కూడా.

పెద్ద పని ఆగిపోయింది, చిన్న ప్రార్థన మిగిలింది

భద్రాచలం దగ్గర గోదావరి ఒడ్డున నిలబడి ఎగువకి వెళ్తే దుమ్ముగూడెం వస్తుంది. అక్కడి పాత ఆనకట్ట మీలో చాలామంది చూసే ఉంటారు. దాని వెనక ఒక పెద్ద కల ఉంది.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక, గోదావరి మీద పడవల్ని మధ్య భారతం దాకా నడపాలని ఆర్థర్ కాటన్, ఆయన తోటి ఇంజనీర్లు అనుకున్నారు. నాగపూర్, బేరార్ వైపు పండే పత్తిని నది మీదే సముద్రానికి చేర్చాలన్నది ఆలోచన. కానీ ఎగువ గోదావరి నిండా రాళ్లు, సుడులు. పడవలు దాటలేని పెద్ద అడ్డంకులు మూడు చోట్ల ఉన్నాయి. వాటిలో మొదటిది దుమ్ముగూడెం దగ్గరే. అందుకే అక్కడ ఆనకట్ట, కాలువ, లాకులు కట్టడం మొదలుపెట్టారు. ఆ పనులు చూసిన ఇంజనీరు పేరు ఫ్రెడరిక్ థామస్ హేగ్.

చుట్టూ అడవి, విడవని జ్వరాలు. అలాంటి చోట పనివాళ్ల మధ్య ఒక చిన్న ప్రార్థన కూడిక మొదలైంది. హేగ్ పాదిరీ కాదు, సైన్యం నుంచి వచ్చిన ఇంజనీరు. చుట్టుపక్కల కోయ గూడేలకి సువార్త చెప్పేవాళ్లు కావాలని ఆయన కోరుకున్నారు. ఆయన దగ్గర పనిచేసే ఉద్యోగుల్లో వెంకటరామ రాజు అనే తెలుగాయన క్రైస్తవుడై, ఆ పనిని భుజాన వేసుకున్నారు. ఇదంతా 1860 ప్రాంతం మాట. చర్చ్ మిషనరీ సొసైటీ వాళ్ల కోయ మిషన్‌కి అదే ఆరంభం.

1871లో ప్రభుత్వం ఆ నౌకాయాన పనుల్ని ఆపేసింది. ఖర్చు ఎక్కువ, ఫలితం తక్కువ అని తేల్చారు. ఇంజనీర్లు, కాంట్రాక్టర్లు సర్దుకుని వెళ్లిపోయారు. పత్తి పడవల కల కాగితాల్లోకి వెళ్లింది. ఆ పెద్ద పనికి తోకలా మొదలైన ప్రార్థన గుంపు మాత్రం వెళ్లలేదు. డబ్బు, అధికారం, యంత్రాలు అన్నీ ఉన్న పని ఆగిపోయిన చోట, ఏమీ లేని నలుగురు కూర్చుని పాడుకునే పాట ఆగలేదు.

ఆ తర్వాత జాన్ కెయిన్ అనే మిషనరీ దశాబ్దాల పాటు దుమ్ముగూడెంలోనే ఉండిపోయారు. కోయ భాష నేర్చుకున్నారు. భద్రాచలం, రేకపల్లి తాలూకాల జనజీవితం గురించి ఆయన రాసిన వ్యాసం 1876లోనే 'ఇండియన్ ఆంటిక్వెరీ' పత్రికలో వచ్చింది. సొంత లిపి లేని కోయ భాషలోకి 19వ శతాబ్దం ముగిసేలోపే లూకా సువార్త వచ్చింది. అంత కష్టపడ్డా కోయల్లో సంఘంలో చేరినవాళ్లు కొద్దిమందే. ఇప్పటి లెక్కల్లో చూస్తే ఫెయిల్యూర్ అంటారు. ఫాలోవర్ల సంఖ్య పెరగలేదు కదా మరి!

కానీ ఆ కొద్దిమందే మిగిలారు. దుమ్ముగూడెం పేరు ఈ రోజుకీ ఈ ప్రాంతపు సంఘాల చరిత్రలో మొదటి వరసలో ఉంది.

ఇవ్వడానికి ఏముంది?

ఇప్పుడు కొంచెం పడమరకి, డోర్నకల్‌కి వెళ్దాం. మీరు రైల్లో చాలాసార్లు దాటిన జంక్షనే. 1909లో తిరునెల్వేలి ప్రాంతం నుంచి ఒక తమిళాయన భార్యతో కలిసి అక్కడికి వచ్చి స్థిరపడ్డారు. పేరు వేదనాయకం శామ్యూల్ అజరయ్య. తెలుగు నేర్చుకున్నారు, ఎడ్లబండి మీద ఊరూరా తిరిగారు. 1912 డిసెంబర్ 29న కలకత్తాలో బిషప్‌గా అభిషేకం పొందారు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయనే.

ఆయన చేతికి వచ్చిన సంఘాలు ఎలాంటివి? నిజాం రాజ్యంలోని పల్లెలు. ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబాలు. కూలి దొరికిన రోజు తిండి, దొరకని రోజు పస్తు. అలాంటి వాళ్లకి చర్చి ఏం నేర్పాలి? జాలిపడి నాలుగు గింజలు పంచి పంపేస్తే చాలా?

అజరయ్య తిరగేసి ఆలోచించారు. తీసుకోవడం మాత్రమే తెలిసిన మనిషి తలెత్తుకోలేడు. ఇచ్చే చెయ్యి ఉన్నవాడే నిలబడతాడు. అందుకని కానుక ఇవ్వడాన్ని ఆరాధనలో భాగంగా నేర్పించారు. దీని మీద ప్రత్యేకంగా ఒక పుస్తకం కూడా రాశారు. డబ్బు లేకపోతే ధాన్యం. ధాన్యం లేకపోతే కోడి, గుడ్డు, గుమ్మడికాయ. అవీ లేకపోతే గోడ కట్టడానికి ఒక రోజు పని.

ఆ అలవాట్లలో అన్నిటికన్నా చిన్నది, గట్టిది ఒకటి ఉంది: పిడికెడు బియ్యం. ఇల్లాలు అన్నానికి బియ్యం కొలిచాక, కడగబోయే ముందు అందులోంచి ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తుంది. ఆదివారం ఆ బియ్యం చర్చికి వెళ్తుంది. అంతే. పాట లేదు, ప్రసంగం లేదు, పొయ్యి దగ్గర పది సెకన్ల పని.

ఈ పది సెకన్లలో ఏముందో కాస్త ఆగి చూడండి. బియ్యం తక్కువున్న ఇంట్లో "మాకే లేదు" అనే మాట రోజుకి రెండుసార్లు నోటిదాకా వస్తుంది. పిడికెడు తీసిపెట్టిన చెయ్యి ఆ మాటకి రోజుకి రెండుసార్లు జవాబు చెప్తుంది: మాకు ఉంది, ఇంకొకరికి ఇవ్వగలిగేంత ఉంది. కృతజ్ఞత అనేది మనసులో పుట్టే ఫీలింగ్ అని మనం అనుకుంటాం. ఈ పల్లెల్లో అది ముందు చేతికి అలవాటవుతుంది, మనసు మెల్లగా దాని వెనకే వస్తుంది.

ఇది డోర్నకల్ ఒక్కచోటే కాదు. ఎక్కడో ఈశాన్యాన ఉన్న మిజోరంలో కూడా 1910 నుంచి క్రైస్తవ మహిళలు ఇదే పని చేస్తున్నారు. అక్కడ దాన్ని 'బుహ్‌ఫాయ్ థామ్' అంటారు. ఆ పిడికిళ్లు కలిసి అక్కడి సంఘం చేసే సేవకి పెద్ద ఆధారమయ్యాయి. అటు కొండల మీద, ఇటు గోదావరి పక్కన బియ్యం డబ్బా ముందు ఆడవాళ్లు చేసే పని ఒకటే.

అజరయ్య 1945 జనవరి 1న కన్నుమూశారు. అప్పటికి డోర్నకల్ అధ్యక్ష మండలంలో క్రైస్తవులు రెండు లక్షలు దాటారు. 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగిన డోర్నకల్ కథెడ్రల్‌ని ఎప్పుడైనా చూస్తే, గుమ్మటాలు, స్తంభాలు మన గుళ్లనీ మసీదుల్నీ గుర్తుచేస్తాయి. పరాయి దేశపు కట్టడంలా ఉండకూడదని ఆయన పట్టుబట్టి అలా కట్టించారు. దాని రాళ్ల మధ్య ఎందరి పిడికిళ్లు ఉన్నాయో లెక్కపెట్టడం కష్టం.

మరి ఇది మోసం కాదా?

మీలో కొందరికి ఈపాటికి ఒక అనుమానం వచ్చి ఉండాలి. రావాలి కూడా. లేనివాళ్ల దగ్గర పిడికెడు తీసుకోవడం న్యాయమేనా? పైగా వాళ్లనే "దేవునికి కృతజ్ఞతలు చెప్పండి" అనడం, వాళ్ల నోరు మూయించడం కాదా?

న్యాయమైన ప్రశ్న. రెండు విషయాలు విడదీసి చూద్దాం.

మొదటిది డబ్బు సంగతి. "ఇంత వేయండి, పదింతలై వస్తుంది" అని స్క్రీన్ మీద స్కానర్ చూపించే ప్రసంగాలు మీ ఫోన్లోకి వస్తూనే ఉంటాయి. అది లాభం ఆశతో పెట్టే పెట్టుబడి. దాన్ని కృతజ్ఞత అనలేం. పిడికెడు బియ్యంలో అలాంటి ఆశకి చోటు లేదు, ఎందుకంటే అది ఇప్పటికే తిన్న అన్నానికి చెప్పే థ్యాంక్స్. ఇంకో తేడా కూడా ఉంది. ఇరవై మంది ఉన్న సంఘంలో ఎంత బియ్యం వచ్చిందో, ఎవరింటికి వెళ్లిందో అందరికీ తెలుస్తుంది. అడిగితే లెక్క చెప్పాల్సిందే. లెక్క చెప్పని చోట, చిన్నదైనా పెద్దదైనా, అడిగే హక్కు మీకుంది.

రెండోది నోరు మూయించే సంగతి. అడవి అంచు ఊళ్లలో కష్టాలు ఊహించినవి కావు. రోడ్డు లేక గర్భిణిని మంచం మీద, డోలీలో మోసుకెళ్లిన వార్తలు మనం ఏటా వానాకాలంలో చదువుతూనే ఉన్నాం. పోడు పట్టాల కోసం ఏళ్ల ఎదురుచూపులు, సిగ్నల్ లేని బళ్లు. ఇవన్నీ పెట్టుకుని "అంతా బాగుంది ప్రభువా" అంటే అది ప్రార్థన అనిపించుకోదు, అబద్ధం అవుతుంది.

లూకా సువార్త 17వ అధ్యాయంలో పదిమంది కుష్ఠరోగుల కథ ఉంది. పదిమందీ దూరంగా నిలబడి గట్టిగా కేకవేశారు. అంటే ముందు అడిగారు. పదిమందీ బాగుపడ్డారు. ఒక్కడే వెనక్కి వచ్చి కృతజ్ఞత చెప్పాడు. ఆ ఒక్కడు కూడా అందరూ తక్కువగా చూసే సమరయుడు. గమనించండి, కేకవేసినందుకు ఎవరినీ ఎవరూ తప్పుపట్టలేదు. కేక, కృతజ్ఞత రెండూ ఒకే గొంతులోంచి వచ్చాయి.

భద్రాచలం ఐటీడీఏ ఆఫీసులో సోమవారం గిరిజన దర్బార్ జరుగుతుంది. ఆదివారం సాక్ష్యం చెప్పిన మనిషే సోమవారం దరఖాస్తు పట్టుకుని ఆ వరసలో నిలబడొచ్చు. ఇందులో తేడా ఏమీ లేదు. నిజానికి మొదటిది రెండోదానికి బలమిస్తుంది. తనకంటూ ఇవ్వడానికి ఏదో ఉందని తెలిసినవాడు ఆఫీసరు ముందు చేతులు నలుపుకోడు. హక్కుని హక్కులా అడుగుతాడు.

గింజకి ఈ నేల మీద ఒక భాష ఉంది

పంట చేతికొచ్చాక చిన్న చర్చిల్లో కోత పండుగ చేస్తారు. వరి కంకులు, కందులు, సొరకాయలు, అరటి గెలలు బల్ల ముందు పేరుస్తారు. తర్వాత వేలం పాట. యాభై రూపాయల గుమ్మడికాయ మూడు వందలకి వెళ్తుంది. కొన్నవాడు దాన్ని మళ్లీ కానుకగా పెడితే మళ్లీ పాట. పిల్లలకి ఆ రోజంతా నవ్వులే. మొదటి ఫలాన్ని దేవుని ముందు పెట్టే ఈ పద్ధతికి మూలం ద్వితీయోపదేశకాండంలో ఉంది.

కానీ ఈ నేలకి అది కొత్త మాటేం కాదు. కోయ గూడేల్లో కొత్తలు చేయకుండా కొత్త పంట నోట పెట్టరు. ముందు వేల్పులకి, పెద్దలకి, ఆ తర్వాతే మనుషులకి. శ్రీరామనవమికి కోరుకొండ భక్తులు వడ్లని ఒక్కొక్కటిగా గోటితో ఒలిచి, ఆ బియ్యాన్ని తలంబ్రాలుగా భద్రాద్రి రామయ్య కల్యాణానికి తెస్తారు. ఒకరు కొత్తలు చేస్తారు, ఒకరు గోటితో ఒలుస్తారు, ఒకరు పిడికెడు తీసిపెడతారు. ఎవరి దేవుడు వాళ్లకే, ఎవరి నమ్మకం వాళ్లదే. అయినా "తిండి నా ఒక్కడి గొప్ప కాదు" అనే మాట ముగ్గురూ బియ్యంతోనే చెప్తున్నారు.

పక్కింటివాళ్ల పండుగని వెక్కిరించి సంపాదించే విశ్వాసం ఎక్కువ రోజులు నిలవదు. ఈ ఊళ్లలో పొలం గట్టు ఒకటే, బోరింగు ఒకటే. రాత్రి పాము కరిస్తే బండి తీసేది ఏ మతంవాడో ఎవరూ చూడరు. క్రైస్తవ కుటుంబాల పిల్లలు దీన్ని మర్చిపోకూడదు. వాళ్ల పక్కవాళ్లు కూడా మర్చిపోకూడదు.

రాకపోతే తెలిసే చోటు

నిలకడ అనే మాటకి వద్దాం. 2022 జులై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకి చేరింది. మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగుల దగ్గర ఇస్తారు, దాని మీద ఇంకో పద్దెనిమిది అడుగులు అన్నమాట. 1986లో 75.6 అడుగులు వచ్చిందని పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్తారు. వరద వెళ్లాక మిగిలేది బురద. ఇంట్లో బురద, చేలో బురద, గుడిలో, చర్చిలో బురద.

అలాంటి ఆదివారం ఏం ప్రార్థిస్తారు? హబక్కూకు గ్రంథం చివర్లో ఒక రైతు మాట ఉంటుంది. చెట్టు కాయలేదు, చేను పండలేదు, కొట్టంలో పశువు లేదు, అయినా నేను దేవునిలో ఆనందిస్తాను అనే భావం. చల్లని హాల్లో కూర్చుని విన్నప్పుడు అది అందమైన వాక్యం. మోకాలి లోతు బురద ఎత్తిపోసినవాడు ఆ మాట అంటే అందులో అందం ఉండదు, మొండితనం ఉంటుంది. విశ్వాసంలో నిలకడ అంటే ఆ మొండితనమే.

ఆ మొండితనం ఒంటరిగా రాదు. లైవ్‌లో పదివేల మందితో కలిసి చూస్తున్నప్పుడు మీరు మధ్యలో ఆపేసినా ఎవరికీ తెలీదు. పన్నెండు మంది కూర్చునే చోట మీ చాప ఖాళీగా ఉంటే పదకొండు మందికీ తెలుస్తుంది. ఆరాధన అయ్యాక ఎవరో ఒకరు గుమ్మం దగ్గరికి వచ్చి "ఏమైందిరా, జ్వరమా?" అంటారు. ఇంటి గోడ పడితే చూస్తారు, పొయ్యి వెలగకపోతే పసిగడతారు. ఆ వారం పిడికెడు బియ్యం కుండ ఎవరింటికి వెళ్లాలో మీటింగ్ పెట్టి తేల్చుకోనక్కర్లేదు.

చిన్న చర్చిని మరీ ఆకాశానికెత్తడం కూడా తప్పే. అక్కడ కొట్లాటలుంటాయి. చాడీలుంటాయి. కంజీర ఎవరు కొట్టాలన్న దాని మీద ఆర్నెల్లు మాట్లాడుకోని అన్నదమ్ములుంటారు. ఆడపిల్ల ప్యాంటు వేసుకుంటే వారం రోజులు అదే ప్రసంగం. ఇవన్నీ నిజమే, కొన్ని మారాలి, మార్చాల్సింది కూడా మీ వయసువాళ్లే. కానీ నచ్చని మనిషి పక్కన చాప వేసుకుని, వాడి బిడ్డ జ్వరం కోసం ప్రార్థన చేయాల్సి రావడం ఉంది చూశారూ, దాన్ని స్కిప్ చేసే బటన్ లేదు. ఓర్పు అక్కడే అలవడుతుంది.

సాక్ష్యాల సమయంలో వినండి. బర్రె ఈనింది, వందనాలు. తునికాకు డబ్బులు పడ్డాయి, వందనాలు. మా అమ్మాయికి ఇంటర్‌లో సప్లీ ఒక్కటే మిగిలింది, వందనాలు. పట్నంలో చదివి వచ్చినవాళ్లకి నవ్వొస్తుంది. కానీ గడిచిన ఏడు రోజుల్లో మీకు జరిగిన మంచి ఒక్కటి, వివరంగా, పేరుపెట్టి, నలుగురి ముందు లేచి చెప్పగలరా? ప్రయత్నించండి. "అంతా ఓకే" అనడం తేలిక. బర్రె ఈనిందని చెప్పాలంటే వారమంతా కళ్లు తెరిచి బతకాలి.

సెలవులకి ఇంటికి వెళ్తే

క్రిస్మస్‌కో కోత పండుగకో ఊరు వెళ్తారుగా. చర్చి ముందు సెల్ఫీలు దిగండి, తప్పేం లేదు. ఇంకో పని కూడా చేయండి.

ఈ అడవి అంచు సంఘాల్లో చాలావాటికి రాసిన చరిత్ర లేదు. మొదటి తాటాకు పాక ఎవరు వేశారు, ఏ వరదకి అది కొట్టుకుపోయింది, మళ్లీ ఎవరి చందాతో గోడలు లేచాయి, మొదటిసారి బైబిల్ చదవడం నేర్చుకున్న ఆడమనిషి ఎవరు, ఇదంతా ఇద్దరు ముగ్గురు ముసలివాళ్ల జ్ఞాపకంలోనే ఉంది. హేగ్ గురించి, కెయిన్ గురించి, అజరయ్య గురించి పుస్తకాలు ఉన్నాయి. పిడికెడు బియ్యం తీసిపెట్టిన మీ తాతమ్మ గురించి లేదు. ఆమె గురించి రేపు ఎవరైనా చెప్పాలంటే ఈ రోజు మీరు వినాలి.

మీ చేతిలో ఫోన్ ఉంది. అందులో రికార్డర్ ఉంది. అవ్వ పక్కన మంచం మీద కూర్చోండి. "అవ్వా, మన చర్చి ఎట్లా మొదలైంది?" అని అడగండి. మధ్యలో ఆమె వేరే కథల్లోకి వెళ్తుంది, దగ్గుతుంది, ఎవరి పెళ్లో గుర్తుచేసుకుంటుంది, కోయలోనో తెలుగులోనో ఒక పాట అందుకుంటుంది. వెళ్లనివ్వండి. ఆమె మాట పూర్తయ్యేదాకా రికార్డింగ్ ఆపకండి.